కుట్లు లాగి చూసే మెకానిక్

కోటు ఏదైనా సరే, మెకానిక్ ముందు దాని కుట్టు లాగి చూస్తాడు. బూటైతే అడుగు వంచి, రబ్బరు వాసన చూసి, అంచును గోరుతో గీకుతాడు. డేరా జిప్పును చెవి దగ్గర పెట్టుకుని పైకీ కిందకీ నడుపుతాడు. గ్రీజు మరకలు వదలని ఆ వేళ్లకు ఏదీ నచ్చదు. పాత జీపులో భార్యతో కొండదారులు తిరగాలని, రాత్రయితే దాని పక్కనే డేరా వేసుకోవాలని అతని కోరిక. జీపు ఎప్పుడో సిద్ధమైంది, సామానే కుదరడం లేదు. ఎండలు పోయి చలి వచ్చింది, వాళ్లింకా దుకాణాల చుట్టూనే తిరుగుతున్నారు.

ఆ రోజు ఒక దుకాణంలో దళసరి కోటును చంక దగ్గర పట్టుకుని బలంగా లాగాడు. పర్రుమని చిరిగింది. “చూశావా! దీన్ని నమ్ముకుని కొండెక్కాలట,” అని భార్య వైపు తిరిగి మండిపడ్డాడు. “అది తొడుక్కునేదండీ, బండికి కట్టి లాగేది కాదు,” అంటూ దుకాణదారు తల పట్టుకున్నాడు. భార్య స్టూలు మీంచి లేచింది. “ఇన్నేళ్లూ మీ షెడ్డుకి చెడిపోయిన బళ్లే వచ్చాయి. బాగున్నవి ఆగకుండా వెళ్లిపోయాయి, వాటిని మీరు చూళ్లేదు. అందుకే మీకు దేనిమీదా నమ్మకం లేదు. నేను చూడాలనుకున్నది కొండల్ని, కుట్లని కాదు.” అతనికి కోపమొచ్చింది. ఇంకో కోటు తీసి, మొదటిసారిగా లాగకుండా తొడుక్కున్నాడు. కోటు చేతులు మణికట్టు దాకా రాలేదు. “పొట్టి,” అన్నాడు విసుగ్గా. ఆమె అప్పటికే పెద్ద సైజు అడుగుతోంది.