వాగు ఒడ్డున ఉప్పుగడ్డి

గొర్రెపిల్లను రెండు చేతుల్లోకి ఎత్తుకుంటే చాలు, దాని ఈడూ బరువూ బక్కమ్మకు తెలిసిపోతాయి. నలభై ఏళ్లుగా పటాన్‌చెరు చుట్టుపక్కల మంద కాసిన మనిషి. మొన్నటి చలికాలంలో మాత్రం తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. నాలుగు నెలల పిల్లలు రెండు నెలల వాటిలా తేలిగ్గా ఉన్నాయి.

ఊరి బీళ్లన్నీ ప్లాట్లయిపోయాక మందకు వాగు ఒడ్డు ఒక్కటే మిగిలింది. ఎగువనున్న మందుల ఫ్యాక్టరీ నీళ్లు ఏళ్ల తరబడి పారి అక్కడి నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. మొలిచే గడ్డి కూడా ఉప్పగానే ఉండేది. దాన్ని మేసిన గొర్రెలు పొద్దంతా నీళ్ల తొట్టి దగ్గరే నిలబడేవి. కడుపు నిండా నీళ్లు పట్టించి మేతకు మూతి తిప్పుకునేవి. పారుడు పట్టుకుంది. వెనక కాళ్లు కడగడానికి వంగినప్పుడల్లా ఆ మందుల కంపుకు బక్కమ్మకు డోకొచ్చేది.

పశువుల డాక్టరు చంద్రిక వచ్చి చూసింది. ఉప్పు ఎక్కువైతే మేత తగ్గుతుందని, ఎదుగుదల మందగిస్తుందని చెప్పింది. మాంసంలో కొవ్వు తక్కువుండి రసం ఎక్కువుంటుందట. "కానీ ఈ నీళ్లల్ల ఉప్పొక్కటే ఉన్నదని పరీక్ష చేయకుండ ఎట్ల చెప్త?" అని వెళ్లిపోయింది.

ఎదగని పిల్లల్ని ఎవరు కొంటారనుకుంటుండగా తెల్లాపూర్‌లో మటన్ షాపు నడిపే స్టాన్లీ కబురు పెట్టాడు. అంతకుముందు రెండింటిని అతనే తీసుకుపోయాడు. ఇంకో నాలుగింటిని ఆటోలో వేసుకుని బక్కమ్మ వెళ్లింది. షాపు మీద కొత్త బోర్డు కనిపించింది. నీలిరంగు సముద్రం, ఒడ్డున తెల్లటి గొర్రెలు, కింద ‘ఉప్పుగడ్డి మటన్’ అన్న అక్షరాలు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ టవర్ల వాళ్లు బోర్డు కింద వరుసలో నిలబడ్డారు.

స్టాన్లీ ఆమెను లోపల కూర్చోబెట్టి తన భార్య ఎల్సీ వండిన కూర పెట్టాడు. అది ఆమె మందలోని పిల్లదే అన్నాడు. విదేశాల్లో సముద్రం ఒడ్డున ఉప్పుగడ్డి మేసిన గొర్రె మాంసానికి మస్తు గిరాకీ అని చెప్పాడు. కంపు కొడుతుందనే అనుకుని బక్కమ్మ ముక్క నోట్లో పెట్టుకుంది. కంపు లేదు. మెత్తగా, రుచిగా ఉంది. అంత రుచిగా ఉండడమే ఆమెకు పరమ రోతగా తోచింది. బయటికి పోయి ఉమ్మేసి, నోరు మూడుసార్లు పుక్కిలించింది.

"అక్కడిది సముద్రపు ఉప్పు బిడ్డా. మా వాగుల ఏమున్నదో నీకెర్కనా?" అంది.

"తినేటోళ్లు ఖుషీగ ఉన్నరు పెద్దమ్మా. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?"

"అడగక తింటున్నరు. అడుగుతరని నువ్వు బోర్డు మీద సముద్రం గీపిచ్చినవ్."

స్టాన్లీ లేచి వరుసలో ఉన్నవాళ్లకు మాంసం కొట్టడానికి పోయాడు. అతనికంటే తన మీదే ఆమెకు ఎక్కువ అసహ్యం వేసింది. మొదటి రెండింటినీ తోలింది తనే కదా. ఆ నాలుగు పిల్లల్నీ మళ్లీ ఆటో ఎక్కించి ఇంటికి తెచ్చుకుంది.

వారం తిరక్కుండా మందను ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాటి, అక్క కూతురు సుమిత్ర వాళ్ల చేన్లకు తోలుకుపోయింది. కోత అయిన జొన్నచేన్లు, మంచి బావినీళ్లు. పదిహేను రోజుల్లో పారుడు కట్టింది. రెండు నెలలకు పిల్లల వీపు మీద చేయి వేస్తే ఎముక తగలడం మానేసింది. అయినా వాటిని కోతకు మాత్రం ఆమె అమ్మలేదు.

స్టాన్లీ బోర్డు దించలేదు. ఇప్పుడు అదే వాగు ఒడ్డున మేపి, అతనికి పిల్లల్ని తోలేది ఊళ్లోని ఇంకో కాపరి జంగయ్య. పెండ్లిళ్లలో మటన్ వడ్డిస్తుంటే బక్కమ్మ ఇస్తరాకు మీద చేయి అడ్డం పెడుతుంది.