నాన్న రెప్ప వేసిన వేళ

సర్కారు ఉచిత వైద్యం కార్డు కోసం నాన్నను అమ్మా నేనూ భిలాయిలోని కోహ్కా పేటలో ఉన్న సేవాకేంద్రానికి తీసుకెళ్ళాం. ఉక్కు ప్లాంటులో ఫర్నేసు పని చేసీ చేసీ ఆయన వేలిముద్రలు అరిగిపోయాయి. యంత్రం ఒప్పుకోలేదు. ఇక ఫోన్లో ముఖం చూపించాలట, ఫొటో కాదు బతికున్న మనిషేనని తెలియడానికి రెప్ప కూడా వెయ్యాలట. వైద్యం ఉచితమే, మనం మనమేనని నిరూపించుకునేసరికే ప్రాణం పోతుంది.

"అంకుల్, ఫోన్లోకి చూసి కళ్ళార్పండి," అంది కౌంటర్లోని దీదీ హిందీలో.

నాన్న బిగుసుకుని నిలబడ్డారు. "ఆర్పితే ఫొటో పాడైపోతాది," అన్నారు. ఎంత చెప్పినా వినరే! నాకు ఒళ్ళు మండిపోయింది.

అమ్మ ఆయన ముక్కు దగ్గర ఠపీమని చప్పట్లు కొట్టింది. నాన్న ఉలిక్కిపడి రెప్ప వేశారు. కార్డు మంజూరైంది.

"చూసినావా, మిషను నన్ను గుర్తుపట్టేసినాది!" అన్నారు గర్వంగా.

"రెప్ప వెయ్యనప్పుడే పట్టాల్సింది," అంది అమ్మ. "ఇంత మొండిమనిషి భిలాయిలో ఇంకెవలున్నారు?"