చిలక కింద రాసింది

మొన్న మా అరవనాటి ధర్మపురి బజారులో ఒక అంగడివాడు పిట్టల బొమ్మలున్న నల్లరేకు పలకను చూపించి, ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ రాసుకోవచ్చని గొప్పగా చెప్పాడు. తుడిచే విద్యలో నేను చిన్నప్పుడే ఆరితేరినవాణ్ణని అతనితో అనలేదు.

మా ఇంటి గోడకూ అలాంటిదే ఉండేది. వారానికి ఏడు గళ్ళు, ఒక్కో గడి మీద ఒక్కో పిట్ట. వారంలో చేయాల్సిన పనులను అమ్మ సుద్దముక్కతో రాసేది. మాటలు ఇంట్లో మాట్లాడే తెలుగు, అక్షరాలు బడిలో నేర్చిన అరవం. చదవగలిగినవాళ్ళకు అర్థం కాదు, అర్థమయ్యేవాళ్ళకు చదవడం రాదు. ఆమె కాక రెండూ వచ్చింది నాకొక్కడికే. ఆదివారం తడిగుడ్డతో తుడవడం నా పని. పది కేకలు వేయందే చేసేవాణ్ణి కాదు.

అమ్మను ఆస్పత్రిలో చేర్చిన ఆదివారం మాత్రం ఎవరూ చెప్పకుండానే తుడిచేశాను. పలక ఖాళీగా ఉంటే రాయడానికైనా అమ్మ తిరిగి వస్తుందనుకున్నాను. మర్నాడు ఆస్పత్రిలోనే చనిపోయింది.

కర్మలన్నీ అయ్యాక, చదువురాని నాయన ఆ పలక ముందు నిలబడ్డాడు.

"చిలక కింద మీయమ్మ ఏమి రాసిండాది రా?"

తుడిచేశానని చెప్పడానికి భయమేసింది. "రాగులు పిండిమరకు తీసకపోవల్లంట."

"మైన కింద?"

"నీ చొక్కాకు గుండీ కుట్టల్లంట."

"గుండీని కూడా రాసిపెట్టిండాదా, పిచ్చిది," అన్నాడు. మర్నాడు రాగులు మోసుకుని మరకు పోయాడు.

ఆయన్ను భలే నమ్మించానని చాలా ఏళ్ళు అనుకున్నాను. పలక మీద ఏమీ లేదని చూడటానికి చదువు అక్కరలేదని ఈమధ్యే తట్టింది.