మిద్దెల మీది చుట్టాల కోసం దిగిన విమానం

ఎవరినీ తక్కువగా తలచరాదని మా సేత్తూరు బడిలో అయ్యవారు చెప్పినారు. ఆండాళ్ తల్లి దయవల్ల ఇన్నేళ్లూ ఆ మాట నిలుపుకొన్నాను, శ్రీరంగరాజా ఒక్కడి దగ్గర తప్ప.

రాజపాళయంలో అతడిది మా వీధే. చిన్నప్పుడు ఇంటి వేటకుక్కను ఎవరైనా చూస్తుంటే నిమిరేవాడు, చూడకపోతే కాలితో తోసేవాడు. నాయన మిల్లు వాటా అమ్మి విమానం నడపడం నేర్పించినాడు. పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో తిరువనంతపురం నుంచి మధురకు విమానం తెచ్చే ఉద్యోగం దొరికింది. ఇక ఇంటికి వస్తే టోపీ తీయకుండానే అన్నానికి కూర్చునేవాడు. తల్లి గోమతమ్మ ఆ టోపీకి కూడా దిష్టి తీసేది.

ఒకసారి వచ్చి చుట్టాలందరికీ చెప్పినాడు: "శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మిద్దెలెక్కండి. విమానం పొట్ట చూపిస్తాను."

మధుర విమానాశ్రయంలో రేడియో దగ్గర తళవాయిపురం రామన్ ఉండేవాడు. విమానం ఆలస్యమైతే, కాచుకున్న ముసలివాళ్లకు తన కుర్చీ వేసి, తన కూజా నీళ్లు ఇచ్చేవాడు. ఆ శుక్రవారం రేడియోలో శ్రీరంగరాజాకు చెప్పినాడు: "శ్రీవిల్లిపుత్తూరు దాటేవరకు ఎనిమిది వేల అడుగులకు తగ్గవద్దు. కింద ఇంకో విమానం ఎదురొస్తోంది."

సరే అన్నాడు. అని, శ్రీవిల్లిపుత్తూరు ఇంకా రాకముందే, రాజపాళయం కనబడగానే రెండు వేలకు దిగినాడు. చుట్టాలు తువాళ్లు ఊపినారు. ఎదురొచ్చే విమానంవాడు చప్పున పక్కకు తిప్పుకోబట్టి నలభై ప్రాణాలు నిలిచినాయి. ఆ పుణ్యాత్ముడి పేరు కూడా మాకు తెలియదు.

విచారణలో శ్రీరంగరాజా ఏమన్నాడు? "ఎత్తు సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆ పల్లెటూరివాడు నిద్రపోయినాడేమో." రామన్ నోటుపుస్తకం చూపిస్తే, తర్వాత రాసుకొన్నాడన్నాడు. ఆ మాటలు విన్న మూడోవాళ్లు లేరు. రామన్‌ను పనిలోంచి నిలిపినారు. ఉద్యోగం పోతే తళవాయిపురంలోని అరెకరం మెట్ట ఆరుగురికి గంజి కూడా పోయదు.

విమానం ఎంత కిందికి వచ్చిందో ఊళ్లో అడగడానికి మద్రాసు నుంచి ఒక అధికారి రావలసి వచ్చింది. తప్పు చేసినానని తల్లికి చెప్పే ధైర్యం శ్రీరంగరాజాకు లేదు. "ఒక దొర వస్తాడు, నా గురించి గొప్పగా చెప్పండి" అని మాత్రం కబురు పంపినాడు. ఇంట్లోవాళ్లు అది పదవి పెరగడానికనుకున్నారు.

ఆకు వేయకుండా అతిథిని పంపే ఇల్లు కాదు అది. వడ్డనకు నేనూ నిలబడినాను.

"ఎంత కిందికి అని అడుగుతారా సార్?" అన్నాడు శ్రీరంగరాజా చిన్నాయన లక్ష్మణరాజా. "మా మిద్దె మీద ఆరేసిన చీర లేచిపోయి పక్కింటి వేలమ్మాళ్ పెరట్లో పడింది."

"చీర చిరిగింది కూడా," అన్నది మేనత్త కమలం. "దాని సంగతి ఎవరూ అడగరు."

"పాపం, తెలియక దిగినాడేమో," అన్నాడు అధికారి.

గోమతమ్మకు రోషం వచ్చింది. "మా అబ్బాయికి తెలియకపోవడమేంది? నాలుగింటికి దిగుతానని ముందే చెప్పినాడు. రేడియోవాడు ఎనిమిది వేలకు తగ్గొద్దన్నాడంట. 'వాడు చెప్తే నేను వింటానా' అని మర్నాడు ఇక్కడే కూర్చొని నవ్వినాడు."

"రాజుబిడ్డ కదా," అన్నాడు లక్ష్మణరాజా మీసం తుడుచుకొంటూ.

అధికారి లేచి చేయి కడుక్కొని వచ్చి కాగితం తీసినాడు. "ఆ మాట ఇంకోసారి చెప్పండమ్మా."

ఆమె సంతోషంగా ఇంకోసారి, మెల్లగా, రాసుకోవడానికి వీలుగా చెప్పింది.

రామన్‌కు పని తిరిగి వచ్చింది. శ్రీరంగరాజా లైసెన్సు పోయింది. ఇంటికి వచ్చి తల్లితో మాట్లాడడం మానేసినాడు. నలభై మందిని చంపబోయినవాడికి తన టోపీ గురించే ఏడుపు. కన్నకొడుకు నోటి కూడు చెరిపినానని గోమతమ్మ మూడు నెలలు గుడికి కూడా పోలేదు.

అది విని రామన్ ఒక మధ్యాహ్నం బస్సు దిగి వచ్చినాడు, పెరటి నిమ్మకాయలు నాలుగు పట్టుకొని. వసారాలో నిలబడే అన్నాడు: "అమ్మా, మీరు ఉన్నది చెప్పినారు. మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. మీరు ఇట్లా కుమిలితే మాకు ముద్ద దిగదు."

లోపలి గదిలోంచి కొడుకు నోరు తెరిచినాడు, మూడు నెలల తర్వాత మొదటిసారి. "ఆ తళవాయిపురంవాణ్ణి పొమ్మని చెప్పు. నా కాఫీ ఏది?"

గోమతమ్మ కాఫీ తెచ్చింది. కొడుకు గది వాకిలి దాటి, వసారాలోకి వచ్చి, ఆ వెండి గ్లాసు రామన్ చేతికిచ్చి, "కూర్చో నాయనా, చక్కెర చాలునా చూడు," అన్నది.