దారం పెట్టిన పేజీ

ఆ కబురు నాకు మొదట తెచ్చినవాడు మా ఇంటి డ్రైవరు. కడప వైపువాడు, నేను తమ్ముడూ అని పిలుస్తాను. మేడమ్‌నీ నోన్నానీ చర్చి నుంచి తీసుకొచ్చి, కారు తాళాలు మేకుకి తగిలిస్తూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“అక్కా, ముసలామె పుస్తకాల్లో చెత్తంతా ఏరి పారేసినావంట. అది చెత్త గాదంట.”

నోన్నా అంటే మేడమ్ వాళ్ళ అమ్మ. పిల్లలు అమ్మమ్మని అలా పిలుస్తుంటే నాకూ అదే అలవాటయింది. ఇటలీలో ఏదో కొండ ఊరు ఆమెది. భర్త పోయాక కూతురి దగ్గరికి, నేను పనిచేస్తున్న ఈ గల్ఫ్ ఊరు అల్ రయ్యాన్‌కి వచ్చేసింది. పెట్టెలో బట్టలకంటే పుస్తకాలే ఎక్కువ. దుమ్ము దులిపి బీరువాలో సర్దమన్నారు. దులిపాను. పేజీల మధ్య బస్సు టిక్కెట్లు, ఎండుటాకులు, రిబ్బను ముక్కలు, దారప్పోగులు. అన్నీ తీసేసి, ఎంత శుభ్రం చేశానో అని మురిసిపోయాను కూడా.

మధ్యాహ్నం మేడమ్ కూర్చోబెట్టి చెప్పారు. ఆ ఊళ్ళో నేత మిల్లు ఉండేదట. మిల్లువాళ్ళు చిన్న లైబ్రరీ పెట్టుకుని, ఏటా తమ ప్రాంతం రచయితల్లో ఒకరికి బహుమతిగా కంబళి నేసి ఇచ్చేవారట. తీర్పు చెప్పేది పండితులు కాదు. రొట్టెలవాడు, పోస్టుమాను, మిల్లు ఆడవాళ్ళు. చదువుతుంటే మనసు ఎక్కడ ఆగిందో అక్కడ తమ దగ్గరున్నది ఏదో ఒకటి పెట్టాలి. ఎక్కువ గుర్తులున్న పుస్తకానికి కంబళి. తర్వాత్తర్వాత పెద్ద ఊళ్ళ నుంచి ప్రొఫెసర్లు వచ్చారు. గుర్తులూ పోయాయి, కంబళీ పోయింది. లైబ్రరీ మూసేస్తే ఆ పుస్తకాలు నోన్నాయే తెచ్చుకుంది. ఇప్పుడు ఆ బహుమతి నడిపే కమిటీవాళ్ళు దాని చరిత్ర అచ్చు వేస్తున్నారు, మొదటి ఏడాది సంగతి ఆమెనే రాయమన్నారు.

మొదటి ఏడాది రెండు పుస్తకాలకి గుర్తులు సమానంగా వచ్చాయట. తేల్చింది ఒక నీలం దారం. అది పెట్టింది నోన్నా పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ. ఆవిడకి చదువు రాదు. అప్పటికి చిన్నపిల్లగా ఉన్న నోన్నా చదివి వినిపిస్తుంటే కుడుతూ వింది. ఒకచోట ఆగమని, సూదిలో దారం తెంపి ఆ పేజీలో పెట్టింది. చదవడం రాని మనిషి తీర్పు చెప్పడమేంటి, కట్టుకథ అంటున్నారట ఇప్పటి కమిటీవాళ్ళు. ఉన్న సాక్ష్యం ఆ దారమొక్కటే.

నేనూ బడికి వెళ్ళినదాన్ని కాదు. మా అమ్మమ్మ పళ్ళెంలో బియ్యం పోసి అక్షరాలు దిద్దించింది. రాత ఉన్న కాగితం పారెయ్యకూడదని ఆవిడ మాట. అందుకే టిక్కెట్లు, చీటీలు బిస్కెట్ల డబ్బాలో దాచాను. రాత లేనివన్నీ చెత్తలో వేశాను. దారం వాటిలో పోయింది.

చెత్తబండి పొద్దున్నే వెళ్ళిపోయింది. అయినా తమ్ముడు వీధి చివర డబ్బాలోకి తొంగిచూసి, చేతులు ఊపుకుంటూ వచ్చాడు. “మాఫీ అక్కా. ఏం లేదు.” ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదని.

గుర్తులు పోయిన పుస్తకాల్ని నోన్నా నన్ను తిట్టకుండా తనే మళ్ళీ బీరువాలో సర్దుకుంది. అందుకే నాకు కాలు నిలవలేదు. కూర తరుగుతున్నా, బట్టలు మడతపెడుతున్నా కళ్ళు నేల మీద నీలం పోగులే వెతికేవి. ప్రార్థనకి మోకరిస్తే “ప్రభువా, ఆ దారం” అనడం, లేచిపోవడం.

మూడో రోజు ఇస్త్రీ చేస్తుంటే తట్టింది. మామూలుగా చూస్తే కనపడని మడత, వెలుగుకి ఏటవాలుగా పట్టి చూస్తే తెలుస్తుంది కదా. కంబళి గెలిచిన పుస్తకం తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఏ పేజీయో నోన్నాకి గుర్తులేదు. ఆ భాష నాకు రాదు. ఒక్కొక్క పేజీ వెలుగుకి పట్టాను. సాయంత్రం మసీదు నుంచి పిలుపు వినపడే వేళకి దొరికింది. కాగితంలో నొక్కుకుపోయిన వెంట్రుకంత గీత, ఒక కొసన నీలం మరక.

నోన్నా కళ్ళజోడు పెట్టుకుని దాని మీద బొటనవేలు పోనిచ్చింది. తర్వాత ఆ పేజీ నాకు గట్టిగా చదివి వినిపించింది. ఒక తల్లి, కొడుకు ఎదుగుతాడని చొక్కాలో లోపల గుడ్డ వదిలి కుడుతుందట. అర్థం మేడమ్ చెప్పారు.

మేడమ్ ఆ గీతని ఫొటో తీసి కమిటీకి పంపారు. దాంతోపాటు, దారం పారేసింది పనిమనిషి అని కూడా నోన్నాని రాయమన్నాను.

“గుర్తు దొరకబట్టింది కూడా నువ్వే” అని నోన్నా రెండూ రాసింది. దేవుడికి స్తోత్రం.

కమిటీ నుంచి జవాబు ఇంకా రాలేదు. మేడమ్ ఫోను మోగినప్పుడల్లా చేతిలో పని ఆపేస్తున్నాను. వాళ్ళు అచ్చు వేస్తారో లేదో నాకు తెలీదు. ఇది చదివినవాళ్ళు మాత్రం, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడైనా, ఆ కుట్టుపని ఆవిడని ఒక్కసారి తలుచుకోండి.