ఖర్జూరం చేత్తో చూసుకున్న షుగరు

బుజ్జీ, కొడకా, నువ్వు చనిపోయాక నీ షుగరు మిషన్‌తో నా షుగరు చూసుకుంటున్నాను. ఈ రోజు ఇక్కడ గల్ఫ్‌లో, జుఫైర్‌లో నేను పనిచేసే మేడమ్ ఇంట్లో ఖర్జూరాలకు గింజలు తీసి, అన్నానికి ముందు వేలు గుచ్చుకున్నాను. మూడువందల పది! ఇక అన్నం మానేద్దామని కంచం పక్కన పెట్టేశాను.

నాతో పనిచేసే సత్యవతి పకపకా నవ్వింది. "నీకు కాదక్కా, ఆ షుగరు ఖర్జూరానికి! సబ్బెట్టి కడుక్కుని మళ్ళీ చూడెహె."

కడుక్కుని చూస్తే నూట నలభై. కూర్చుని తిన్నాను.

అంకె చూసి నువ్వెన్నిసార్లు కంచం ముందు నుంచి లేచిపోయావో! చెయ్యి కడుక్కునే చూసుకునేవాడివా నాన్నా? ఇప్పుడెవర్ని అడగను?

ఇది చదివే మీలో ఎవరికైనా ఇలా అయిందా? చెప్పండి. ఒక్క అంకె చూసి పస్తుండకండి. డాక్టరుగారిని అడిగి, వేళకి బాగా తినండి.