ఆదివారం పెట్టాల్సిన పేరు

తొలి క్రైస్తవుల గురించి మామూలు పాఠకుల కోసం నేను రాసిన పుస్తకాన్ని అటు చర్చి సంఘంవాళ్ళూ తిట్టారు, ఇటు పండితులూ తిట్టారు. విశ్వాసం చెడగొడుతున్నానని వాళ్ళు, లోతు లేదని వీళ్ళు. రెండో ముద్రణలో అందరికీ కలిపి జవాబు చెబుదామని, అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్ళే బస్సులో ముందుమాట దిద్దుకుంటున్నాను. ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది.

పక్క సీట్లో బైబిలు సంచి పట్టుకున్న నడివయసావిడ ఒక ఫొటో మీదికి వంగింది.

"ఇదేంటండి, గూడులా ఉంది?"

"సమాధండి. రోములో, నేల కింద తవ్వారు. పసిబిడ్డది."

"ఆ బిడ్డకి బాప్తిస్మం అయిందా అండి?"

"తెలీదండి. రాతి మీద పేరొక్కటే ఉంది."

"అయినా అందరి పక్కనే పెట్టారా?"

"పెట్టారండి."

ఆవిడ ఆ గూడు మీద అరచెయ్యి ఆనించి, చలికి కప్పినట్టు, అలాగే ఉంచేసింది. రావులపాలెం వస్తుండగా అంది:

"మా పాప బాప్తిస్మం కాకుండానే పోయిందండి. సమాధుల తోటలో చోటివ్వలేదు, కాలవగట్టున పెట్టాం. పేరు బాప్తిస్మం రోజునే కదండీ పెడతాం. ఆ వచ్చే ఆదివారం ఇప్పిద్దామనుకున్నాం."

చెయ్యి తీసి, కొంగుతో పేజీ తుడిచి, దిగిపోయింది.

ఆ ముందుమాట నేను వెయ్యలేదు. జవాబు లేక మానుకున్నానని రెండు వైపులవాళ్ళూ అన్నారు, అననీ. ఆ ఫొటోని మాత్రం పేజీ అంతా వేయించాను.

పాపకి ఏ పేరు అనుకున్నారో అడగాలని, ఆ రోజు బస్సు గౌతమి వంతెన ఎక్కాక గాని నాకు తోచలేదు.